దోమ గుట్టు విప్పిన మిలటరీ డాక్టరు - సర్ రొనాల్డ్ రాస్



మన సంచికలో ప్రతి ఏడూ ఒక గొప్ప వ్యక్తి జీవిత చరిత్ర వేయడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, పూలే గారి గురించి, జాషువా గారి గురించి మన అన్నలు ఇంతకు ముందే చక్కగా రాశారు. ఈసారి రాయమని మమ్మల్ని అడిగినప్పుడు మేము ఒక ఇంగ్లీషు మిలటరీ ఆఫీసరు పేరు చెప్పాము. తమ్ముళ్లు కొందరు ఆశ్చర్యపోయారు. ఎప్పుడో చచ్చిపోయిన తెల్లదొర కథ మనకెందుకని మొహం మీదే అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి మా జవాబు ఈ వ్యాసం చివర్లో చెబుతాము. ముందు మన ఊళ్ల సంగతి చెప్పుకుందాం.

ప్రపంచ యుద్ధాలంటే మనకు సోషల్ పుస్తకంలో పాఠం. కానీ అవి మన ప్రాంతానికి అంత దూరమైనవి కావు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. ఆ ఊరిని అందరూ మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఒక్క ఊరి నుంచే 90 మంది, రెండో యుద్ధానికి వెయ్యి మందికి పైగా వెళ్లారని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. తాడేపల్లిగూడెంలో రెండో యుద్ధం రోజుల్లో విమానాల కోసం వేసిన రన్‌వే ఉంది. మన తాతల కాలంలో ఇక్కడి మనుషులు పేరు కూడా పలకలేని దేశాలకు ఓడలెక్కి వెళ్లారు.

అలా వెళ్లిన సైనికులకు తుపాకీ గుండు ఒక్కటే శత్రువు కాదు. చాలా చోట్ల గుండు కన్నా జ్వరమే ఎక్కువ మందిని మంచాన పడేసింది. ఆ జ్వరం పేరు మలేరియా. మన పల్లెల్లో చలిజ్వరం అంటారు. ఆ శత్రువు ఏ దారిన వస్తుందో కనిపెట్టినవారు సర్ రొనాల్డ్ రాస్. ఆయన సైన్యంలో డాక్టరు. కనిపెట్టింది ఎక్కడో లండన్‌లో కాదు, మన సికింద్రాబాద్‌లో.

బాల్యం - చదువు

రాస్ 1857 మే 13న హిమాలయాల్లోని అల్మోరాలో పుట్టారు. దానికి మూడు రోజుల ముందే మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలైంది. తండ్రి క్యాంప్‌బెల్ రాస్ బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి, తర్వాత జనరల్ అయ్యారు. పదిమంది పిల్లల్లో రొనాల్డ్ పెద్దవాడు. ఎనిమిదేళ్ల వయసులో అమ్మానాన్నల్ని వదిలి ఇంగ్లండులో బంధువుల ఇంట్లో ఉండి చదువుకోవడానికి వెళ్లాల్సి వచ్చింది. మూడో తరగతిలో ట్రంకు పెట్టె పట్టుకుని హాస్టల్ గేటు దాటిన మన తమ్ముళ్లకు ఆ మొదటి రాత్రి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. జనరల్ కొడుకైనా, కూలివాడి కొడుకైనా ఆ వయసులో ఏడుపు ఒకటే.

ఆయనకు బొమ్మలు వేయడం, పాటలు కట్టడం, కవిత్వం రాయడం ఇష్టం. డాక్టరు కావాలని ఏనాడూ అనుకోలేదు. తండ్రి మాత్రం డాక్టరై తీరాలని పట్టుబట్టారు. 1874లో లండన్‌లోని సెయింట్ బార్తొలోమ్యూ ఆస్పత్రి కాలేజీలో చేరారు. చదువు మీద మనసు లేదు. క్లాసు టైములో కవితలు రాసుకునేవారు. 1879లో ఒక పరీక్ష గట్టెక్కారు, ఇంకొకటి తప్పారు. కొంతకాలం ఓడ మీద డాక్టరుగా పనిచేసి, మళ్లీ చదివి 1881లో ఆ పరీక్ష కూడా పాసయ్యారు. అదే ఏడాది ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. అది సైన్యానికి చెందిన వైద్యశాఖ. ఆయన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి వేశారు. అప్పట్లో మన కోస్తా జిల్లాలన్నీ ఆ ప్రెసిడెన్సీలోనివే. తొలి రోజుల్లో ఆయన మన విజయనగరంలో కూడా పనిచేశారు. తర్వాత బర్మా, అండమాన్, బెంగళూరు. పన్నెండేళ్లకు పైగా ఇలా తిరుగుతూనే ఉన్నారు.

సప్లిమెంటరీలు రాసిన తమ్ముళ్లు ఇక్కడ ఒక నిమిషం ఆగాలి. నోబెల్ బహుమతి వచ్చిన మనిషి కూడా పరీక్ష తప్పారు. తప్పిన చోటే ఆగిపోకపోవడం వల్లనే మనం ఇవాళ ఆయన గురించి చదువుతున్నాం.

బెంగళూరు తొట్టి

1883లో బెంగళూరులో జరిగిన ఒక చిన్న సంగతి ఉంది. ఆయన ఉండే బంగళాలో దోమలు విపరీతం. ఎందుకా అని వెతికితే కిటికీ కింద ఒక నీళ్ల తొట్టి కనిపించింది. అందులో సన్నని పురుగులు తిరుగుతున్నాయి. అవి దోమ పిల్లలు. తొట్టి బోర్లించారు. కొన్నాళ్లలోనే గదిలో దోమలు తగ్గిపోయాయి. మిగతా బంగళాల దగ్గర కూడా ఇలాగే చేద్దామని పై అధికారికి చెబితే, ప్రకృతి చేసిన ఏర్పాటులో మనం వేలు పెట్టకూడదన్నట్టు ఆయన కొట్టిపారేశారు. అప్పటికి దోమ అంటే చిరాకు పుట్టించే పురుగే తప్ప ప్రాణాలు తీసేదని ఎవరికీ తెలియదు.

మలేరియా అన్న మాటకు అర్థమే చెడు గాలి. బురద నేలల నుంచి, చిత్తడి చెరువుల నుంచి లేచే విషపు గాలి వల్ల జ్వరం వస్తుందని వందల ఏళ్లు నమ్మారు. 1880లో ఫ్రెంచి సైన్యంలో డాక్టరైన లావెరాన్ అల్జీరియాలో రోగుల రక్తంలో మలేరియా క్రిమిని చూశారు. క్రిమి ఉందని తెలిసింది. అది మనిషిలోకి ఎలా దూరుతుందో తెలియలేదు.

గురువు దొరికాడు

1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు రాస్‌కు ప్యాట్రిక్ మాన్సన్ పరిచయమయ్యారు. మాన్సన్ గురించి మన గోదావరి, కొల్లేరు మనుషులు తప్పకుండా తెలుసుకోవాలి. బోదకాలు పుట్టించే పురుగు దోమ కడుపులో పెరుగుతుందని 1877లో చైనాలో కనిపెట్టింది ఆయనే.

మా మామ్మకు బోదకాలు. ఎడమ కాలు స్తంభంలా ఉండేది. జ్వరం తగిలిన రోజుల్లో కాలు ఎర్రబడి రాత్రంతా మూలిగేది. ఏ జన్మలో చేసిన పాపమో అనేది. మంచి నీళ్లు తాగకపోవడం వల్ల వచ్చిందని మా వీధిలో కొందరు, కొల్లేటి నీళ్లలో నానడం వల్ల వచ్చిందని కొందరు అనేవాళ్లు. అది ఎవరి పాపమూ కాదు, దోమ కాటు అని మేము డిగ్రీ రెండో ఏడు జువాలజీ క్లాసులో విన్నాము. అప్పటికి మామ్మ పోయి నాలుగేళ్లు. ఆమె బతికుండగా ఆ ఒక్క మాట చెప్పగలిగి ఉంటే కాలు తగ్గేది కాదు కానీ మనసు మీద బరువైనా దిగేది.

మాన్సన్ తన గదిలో రాస్‌కు మైక్రోస్కోపులో మలేరియా క్రిమిని చూపించారు. ఇది కూడా దోమ పనే కావచ్చని అనుమానం చెప్పారు. అయితే ఆయన అనుమానంలో సగమే నిజం. రక్తం తాగిన దోమ నీళ్లలో పడి చస్తుంది, ఆ నీళ్లు తాగిన మనిషికి జ్వరం వస్తుంది అని ఆయన అనుకున్నారు. ఆ మాట తేల్చుకోవడమే రాస్‌కు పనిగా మారింది. 1895లో ఓడ బొంబాయి చేరగానే సామాన్లు దిగకముందే ఆస్పత్రికి వెళ్లి మలేరియా రోగుల్ని వెతికారట. అక్కడి నుంచి సికింద్రాబాద్ వచ్చి, బేగంపేటలో ఉన్న 19వ మద్రాసు పదాతి దళంలో డ్యూటీలో చేరారు.

సికింద్రాబాద్‌లో రెండేళ్ల పట్టుదల

పగలు సిపాయిలకు వైద్యం. మిగిలిన టైమంతా దోమలు. రోగిని దోమతెరలో పడుకోబెట్టి, లోపలికి దోమల్ని వదిలి, రక్తం తాగాక వాటిని సీసాల్లో పట్టుకునేవారు. తర్వాత ఒక్కొక్క దోమను సూది మొనలతో చీల్చి, మైక్రోస్కోపు కింద అణువణువూ వెతికేవారు. ఇలా వందల దోమల్ని కోశారు. గురువు చెప్పిన మాట పరీక్షించడానికి, దోమలు చచ్చిన నీళ్లను డబ్బిచ్చి కొందరి చేత తాగించారు కూడా. మొదట ఒకరికి కాస్త జ్వరం తగిలింది. ఆశ పుట్టింది. మళ్లీ మళ్లీ చేస్తే మిగతావారికి ఏమీ కాలేదు. నీళ్ల మాట తప్పని మెల్లగా తెలిసింది.

అసలు చిక్కు వేరే చోట ఉంది. ఆయన రెండేళ్లు కోసినవి బూడిద రంగు దోమలు, గోధుమ రంగు దోమలు. వాటిలో మనిషి మలేరియా క్రిమి పెరగదు. అది ఆయనకు తెలియదు. చేస్తున్న పని సరైనదే, చేతిలో ఉన్న దోమే తప్పు. ఈ మధ్యలో కలరా డ్యూటీకి బెంగళూరు పంపారు. 1897లో ఊటీ కొండల కింద పరిశోధనకు వెళ్తే ఆయనకే మలేరియా వచ్చింది. అక్కడే రెక్కల మీద మచ్చలున్న ఒక రకం దోమ కంటబడింది. గోడ మీద వాలితే తోక పైకెత్తి కూర్చుంటుంది. మనం ఇప్పుడు అనాఫిలస్ అంటున్నది దానినే.

1897 ఆగస్టు. ఉక్కపోత. పంకా వేస్తే కోసిన దోమలు గాలికి ఎగిరిపోతాయి కాబట్టి వేయనివ్వలేదు. నుదుటి చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. కంటి దగ్గర పెట్టే అద్దం పగిలింది. అప్పుడు మచ్చల రెక్కల దోమలు కొన్ని దొరికాయి. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి తన ఒంటి మీద వాటిని కుట్టించుకున్నాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా. ఆగస్టు 16న రక్తం తాగిన ఆ దోమలు ఒక్కొక్కటిగా చచ్చిపోయో, కోతలో చెడిపోయో చివరికి కొద్దిగానే మిగిలాయి.

ఆగస్టు 20 మధ్యాహ్నం అందులో ఒకదాన్ని కోశారు. అంతా వెతికారు, ఏమీ లేదు. కడుపు గోడ ఒక్కటే మిగిలింది. అలసిపోయి వదిలేద్దామనుకున్న మనిషి చివరిగా అది కూడా చూశారు. గోడలో గుండ్రని కణాలు కనిపించాయి. లోపల నల్లని చుక్కలు. అవి మలేరియా క్రిమిలో ఉండే రంగు చుక్కల్లాంటివే. మర్నాడు ఇంకొక దోమను కోస్తే అవే కణాలు మరికాస్త పెద్దవై ఉన్నాయి. అంటే దోమ కడుపులో క్రిమి పెరుగుతోంది. వందల ఏళ్ల చెడు గాలి కథ ఆ గదిలో ముగిసింది. అందుకే ఏటా ఆగస్టు 20న ప్రపంచ దోమల దినం జరుపుతారు.

బదిలీ, పిచ్చుకలు, కలకత్తా

కనిపెట్టిన నెలలోపే ఆయనకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. రాజపుటానాలోని ఖేర్వారా అనే చిన్న చోటికి. అక్కడ మలేరియా రోగులే సరిగా లేరు. ఎంత పెద్ద పని చేస్తున్నాడో పైవాళ్లకు పట్టలేదు. రాజీనామా చేద్దామన్నంత కోపం వచ్చింది. లండన్ నుంచి మాన్సన్ పైవాళ్లతో మాట్లాడాక 1898 ఫిబ్రవరిలో కలకత్తాకు ప్రత్యేక డ్యూటీ మీద వేశారు. అక్కడ ప్లేగు భయంతో జనం రక్తం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. అయితే పిట్టలకు కూడా మలేరియా వస్తుంది కదా అని పిచ్చుకలతో పని మొదలుపెట్టారు. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు రాత్రింబవళ్లు తోడు నిలిచాడు. జులైలో క్రిమి దోమ కడుపు నుంచి నోటి దగ్గరున్న లాలాజల గ్రంథికి చేరుతుందని చూశారు. ఆ దోమలు కుట్టిన ఆరోగ్యమైన పిచ్చుకలు జబ్బు పడ్డాయి. తాగే నీళ్లూ కాదు, పీల్చే గాలీ కాదు, కాటేనని తేలిపోయింది. అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం మనుషుల మలేరియాలోనూ అనాఫిలస్ దోమే దోషి అని రుజువు చేసింది. ఘనత ఎవరిదన్న దాని మీద రాస్, గ్రాసీ జీవితాంతం పోట్లాడుకున్నారు. గొప్పవాళ్లకూ ఇలాంటి బలహీనతలు ఉంటాయి.

1899లో ఇండియా ఉద్యోగం వదిలి లివర్‌పూల్‌లో ఉష్ణమండల వ్యాధుల పాఠశాలలో చేరారు. 1902లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి పొందిన మొదటి బ్రిటిష్ పౌరుడు ఆయనే. 1911లో సర్ బిరుదు ఇచ్చారు. సియెర్రా లియోన్, ఈజిప్టు, మారిషస్ ఎక్కడికి వెళ్లినా ఒకటే మాట చెప్పారు. మందు కన్నా ముందు నీళ్ల గుంటలు చూడండి అని.

లెక్కల మాస్టారు లాంటి డాక్టరు

రాస్‌కు లెక్కలంటే ప్రాణం. మలేరియా ఎలా వ్యాపిస్తుందో సమీకరణాలతో కట్టి చూపించిన మొదటివాళ్లలో ఆయన ఒకరు. మేము పీజీలో ఆ సమీకరణాలు చదివాము. కష్టంగానే ఉన్నాయి. కానీ వాటి సారం చాలా తేలిక. ప్రపంచంలో ఉన్న ప్రతి దోమనూ చంపనక్కర్లేదు. ఒక ఊళ్లో దోమల సంఖ్య ఒక హద్దు కన్నా తగ్గితే చాలు, ఒక రోగి నుంచి ఇంకొకరికి జబ్బు అంటుకోవడం తగ్గుతూ తగ్గుతూ దానంతట అదే ఆరిపోతుంది.

ఈ మాట కొల్లేటివాళ్లకు ఎంత ధైర్యమో ఆలోచించండి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసే నీళ్లను, ఉప్పుటేరు దాకా పరుచుకున్న ఆ సరస్సును ఎవరూ ఎండబెట్టలేరు, ఎండబెట్టకూడదు కూడా. చెరువులో చేపలుంటాయి, అవి దోమ పిల్లల్ని తింటాయి. మనం చూసుకోవాల్సింది మన గడప చుట్టూ ఉన్న నీళ్లు. పాత టైరు, కొబ్బరి చిప్ప, మూత లేని ట్యాంకు, బాత్రూముల వెనక నిలిచిపోయిన మురుగు. అంటే పని మన చేతిలోనే ఉందన్నమాట.

యుద్ధంలో రాస్

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. రాస్‌కు అప్పటికి 57 ఏళ్లు. పెద్ద కొడుకు రొనాల్డ్ క్యాంప్‌బెల్ సైన్యంలో కుర్ర ఆఫీసరు. యుద్ధం మొదలైన నెలలోనే, ఆగస్టు 26న, ఫ్రాన్సులో లె కాటో పోరులో చనిపోయాడు. ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. లక్షల మంది పిల్లల ప్రాణాలు నిలిపే దారి కనిపెట్టిన తండ్రికి కన్న కొడుకు దక్కలేదు.

అయినా ఆయన ఇంట్లో కూర్చోలేదు. మళ్లీ మిలటరీ డాక్టరుగా వెళ్లారు. ఫ్రాన్సులో గాయపడి ఇంగ్లండు ఆస్పత్రులకు చేరిన భారత సైనికులకు ఉష్ణమండల వ్యాధుల సలహాదారుగా నియమించారు. 1915లో గల్లిపోలీ పోరులో సైనికులు రక్త విరేచనాలతో కూలిపోతుంటే నాలుగు నెలలు అలెగ్జాండ్రియాలో ఉండి కారణం వెతికారు. 1917లో యుద్ధ శాఖకు మలేరియా సలహాదారు అయ్యారు. ఆ ఏడాది నవంబరులో సలోనికా వెళ్తుండగా దారిలో ఆయన ఎక్కిన ఓడ మీద టార్పెడో వదిలారు. అది తగలక బతికి బయటపడ్డారు.

సలోనికా అంటే గ్రీసు దేశంలోని యుద్ధరంగం. అక్కడ బ్రిటిష్ సైన్యంలో మలేరియాతో ఆస్పత్రిలో చేరిన కేసులు లక్షా అరవై వేలు దాటాయి. పోరులో చనిపోయి, గాయపడి, తప్పిపోయినవాళ్లంతా కలిపినా దానిలో చిన్న భాగమే. కందకాలు తవ్విన చోటల్లా నీళ్లు నిలిచాయి, నీళ్లు నిలిచిన చోటల్లా దోమలు పుట్టాయి. దోమ సంగతి తెలిసి అప్పటికి ఇరవై ఏళ్లయింది. తెలిసీ చేయకపోతే జరిగేది ఇదే. యుద్ధం ముగిశాక కూడా మలేరియాతో తిరిగొచ్చిన సైనికుల పింఛన్ల శాఖకు ఆయన సలహాదారుగా కొనసాగారు.

రెండో ప్రపంచ యుద్ధం చూడటానికి ఆయన లేరు. కానీ ఆయన పాఠం ఉంది. 1943లో బర్మా సరిహద్దులో గాయాలతో వెనక్కి పంపిన ఒక్కో సైనికుడికి జబ్బుతో పంపినవాళ్లు 120 మంది ఉన్నారని జనరల్ స్లిమ్ లెక్క. ఆయన నడిపిన 14వ సైన్యంలో ఎక్కువ మంది భారతీయులే. సైనికులు రోజూ మలేరియా మాత్ర మింగేలా చూడని ముగ్గురు కమాండింగ్ ఆఫీసర్లను స్లిమ్ పదవి నుంచి తీసేశారు. ఆ తర్వాత జబ్బు లెక్క బాగా పడిపోయింది. ఆ సైన్యమే బర్మాను గెలిచింది.

చివరి రోజులు

1926లో లండన్‌లో ఆయన పేరుతో రాస్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. 1927 జనవరిలో కలకత్తా ఆస్పత్రి దగ్గర ఆయన గౌరవార్థం కట్టిన ద్వారం ప్రారంభోత్సవానికి స్వయంగా వచ్చారు. తన పనికి తగ్గ ప్రతిఫలం ప్రభుత్వం ఇవ్వలేదన్న బాధ మాత్రం ఆయన్ని వదల్లేదు. 1928లో తన కాగితాలు, ఉత్తరాలు అమ్ముకున్నారు. 1931లో భార్య రోసా పోయారు. 1932 సెప్టెంబరు 16న ఆయన కన్నుమూశారు. హైదరాబాద్ నల్లకుంటలో అందరూ ఫీవర్ ఆస్పత్రి అనేదాని అసలు పేరులో ఆయన పేరుంది. ఆయన పనిచేసిన బేగంపేట భవనం ఉస్మానియా యూనివర్సిటీ చేతిలో ఉంది. పీజీ టూరులో మేము ఆ భవనం చూశాము. పాత విమానాశ్రయానికి దగ్గర్లోనే. ఇంత చిన్న చోట ఇంత పెద్ద పని జరిగిందా అనిపించింది.

మా జవాబు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. తెల్లదొర కథ మనకెందుకు?

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా మా పక్క మంచం వాడికి చలిజ్వరం వచ్చింది. మా ఊరి పక్క లంకవాడు. లెక్కల్లో మా అందరి కన్నా ముందుండేవాడు. రక్తపూత తీసి వైవాక్స్ మలేరియా అని చెప్పి మాత్రలు ఇచ్చారు. నాలుగు రోజులకే జ్వరం దిగింది. నోరు చేదుగా ఉందని మిగిలిన మాత్రలు వాడు తలగడ కింద పెట్టేశాడు. మేము చూశాము, ఏమీ అనలేదు. నిజానికి బాగా తగ్గాడని సంతోషించాము. వైవాక్స్ క్రిమి కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్లీ లేస్తుందని, అందుకే 14 రోజుల మాత్రలు పూర్తిగా మింగాలని మాకు అప్పుడు తెలియదు. పదో తరగతిలో సరిగ్గా ప్రీ ఫైనల్ ముందు జ్వరం తిరగబెట్టింది. ఇంటికి తీసుకెళ్లారు. మళ్లీ రాలేదు. ఇప్పుడు చేపల చెరువు దగ్గర కాపలా ఉంటున్నాడు. పండక్కి వెళ్తే పలకరిస్తాడు. ఏం చదువుతున్నావురా అని వాడు అడిగినప్పుడల్లా మాకు తల దించుకోవాలనిపిస్తుంది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. పీజీ ల్యాబులో మొదటిసారి మలేరియా స్లైడు చూసినప్పుడు ఎర్ర రక్తకణంలో ఉంగరంలా కనిపించిన ఆ క్రిమిని చూసి పక్క మంచం వాడే గుర్తొచ్చాడు. ఇంత చిన్నది వాడి చదువు తినేసింది కదా అనిపించింది. వాడికి లేనిది తెలివి కాదు. మాకు తెలియనిది ఒక్క ముక్క. ఆ ముక్క ఏనాటి నుంచో పుస్తకాల్లో ఉంటూనే ఉంది. మన దగ్గరికి రావడానికే ఇన్నేళ్లు పట్టింది. అందుకే ఈ దొర కథ మనకు కావాలి.

ఇంకొక మాట కూడా ఉంది. రాస్ పుట్టిన రోజు, చనిపోయిన రోజు, నోబెల్ వచ్చిన ఏడు అన్నీ మనకు తెలుసు. దోమకు ఒళ్లప్పగించిన హుస్సేన్ ఖాన్ ఎప్పుడు పుట్టాడో, ఆ జ్వరం నుంచి కోలుకున్నాడో లేదో ఏ పుస్తకంలోనూ మాకు కనబడలేదు. ఆ నీళ్లు తాగినవాళ్ల సంగతీ అంతే. అణాలకు ఒళ్లు అద్దెకిచ్చిన ఆ పేదవాళ్లు మన తాతల్లాంటివాళ్లే. ఇవాళ అలాంటి పరీక్ష చేయాలంటే చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. రాస్‌కు దండం పెడదాం. అదే చేత్తో హుస్సేన్ ఖాన్‌కు, మహమ్మద్ బక్ష్‌కు కూడా పెడదాం. మనలో ఎవరైనా రేపు డాక్టరో సైంటిస్టో అయితే, రోగి పేరు కూడా రాయడం మరిచిపోవద్దు.

తమ్ముళ్లూ, వార్షికోత్సవం నాడు స్టేజీ మీద మాట్లాడటం తేలిక. రేపు శుక్రవారం సాయంత్రం ఒక అరగంట గ్రౌండుకు బదులు ట్యాంకు మూతలు, వాష్ ఏరియా, వెనక గుంటలు చూడండి. నిలిచిన నీళ్లు పారబోయండి. దోమతెర చిరిగితే కుట్టుకోండి. జ్వరం వస్తే దాచుకోకుండా వార్డెన్ గారికి చెప్పండి, రక్తపూత తీయించుకోండి. పక్క మంచం వాడు మాత్రలు తలగడ కింద పెడితే చూసి ఊరుకోకండి, తిట్టైనా సరే మింగించండి. మేము చేయలేకపోయింది మీరు చేస్తే, వచ్చే ఏడాది ఈ హాలులో మీ పక్క కుర్చీ ఖాళీగా ఉండదు.